పంతొమ్మిది చుట్లు

తెల్లారగట్ల నాలుగున్నరకి
కొమ్మాది వెనక సందులో ఇనప మూత తీసి
పొడుగు కడ్డీ గుంతలోకి దించుతాను.
పంతొమ్మిది చుట్లు.
నేను పనిలో చేరిన కొత్తల్లో పంతొమ్మిది చుట్లంటే
వీధికి యాభై నిమిషాల నీళ్లు.
ఇవాళా అదే కడ్డీ, అవే చుట్లు,
ఇరవై రెండు నిమిషాలు.
మిగతావి ఎటు పోయాయో
ఏ రిజిస్టర్లోనూ రాసి లేదు.
తల ఎత్తితే కనిపిస్తుంది,
కొండ వాలున పద్నాలుగో అంతస్తులో
ఎవరో బాత్రూం లైటు వేశారు.

నిన్న ఆదివారం కమ్యూనిటీ హాల్లో ఓట్లు.
సర్కారువి కావు.
పన్నెండు కాలనీలు కలిసి
మాకు మేం పెట్టుకున్నవి.
బిస్కెట్ల డబ్బా, మూతకి ఉలితో కొట్టిన చీలిక.
చీటీ మీద ప్రశ్న మాత్రం సోమేశ్వర్రావు గారిది,
ముప్ఫై ఏళ్లు పోర్టు జమాఖర్చులు రాసిన చెయ్యి:
‘కొత్త లేఅవుట్లకు అనుమతి నిచ్చుటకు ముందు,
తద్వారా నగర ఖజానాపై పడు భారమును లెక్కగట్టి,
సదరు భారమును కట్టువారే భరించవలెనని
కోరుటకు సమ్మతమా?’

“కట్టువారంటే ఎవుల్రా బాబూ?
ఇల్లు కట్టీవోడా, పన్ను కట్టీవోడా?”
ఇడ్లీ బండి ఎర్నమ్మ అడిగింది.
హాలంతా నవ్వింది.
ఆయన నవ్వలేదు.
కళ్లజోడు తుడుచుకుని
తన వాక్యాన్ని తనే మళ్లీ చదువుకున్నారు.

కంపెనీ కుర్రాడు గోడ మీద బొమ్మ వేశాడు.
గీత పైకి పోతోంది:
ఇన్ని ఇళ్లొస్తే ఇంత పన్ను.
అబద్ధమనలేను.
పన్ను వస్తుంది, ఏడాదికోసారి,
ఏప్రిల్లో రాయితీ చూసుకుని మరీ వస్తుంది.
పైపు అప్పటిదాకా ఆగి పగలదు కదా.
మొన్న వానకి గెడ్డ పొంగి
ఎర్నమ్మ పిండి గ్రైండరు మునిగింది,
దాని రిపేరు ఆ గీతలో ఎక్కడుందో
వెతికాను, కనపడలేదు.

వెనక బెంచీ మీంచి టైలరు బషీరు లేచాడు:
“పద్దెనిమిదేళ్ల కిందట మనమూ కొత్త లేఅవుట్టే.
పాలెం వాళ్ల నూతులు ఎండిపోయినప్పుడు
ఈ డబ్బా ఎవరైనా పెట్టారా?”
కాసేపు ఫ్యాన్ల చప్పుడే.

నా జేబులో ఇంకో కాయితం ఉంది.
ఆ కొండ కిందే, రెండో దశలో,
అరవై గజాలకి అడ్వాన్సు కట్టిన రసీదు.
మూడేళ్లు వేసిన చీటీ పాడి కట్టాను.
మా ఆవిడకి తెలుసు.
ఎర్నమ్మకి తెలీదు.
ఒక చీటీ పాడి కొన్నదాన్ని
ఇంకో చీటీ వేసి నేనే ఆపుకోవాలా?
రేపు నా కొళాయి కోసం
ఇదే గుంతలో, ఇదే కడ్డీతో
ఎవరి నిమిషాలు తెంపుతాను?
పెన్ను మూత తీశాను. పెట్టేశాను.

లెక్క తేలేసరికి రాత్రి తొమ్మిది.
సమ్మతం నూట నలభై మూడు,
అసమ్మతం నూట ఇరవై ఒకటి,
ఖాళీవి తొమ్మిది.
ఇంకొకటి మిగిలింది, దాని మీద పెన్సిల్‌తో
‘రేపు నీలొస్తాయా’ అని.
అక్షరం పోయింది గానీ అర్థం పోలేదు.
చెల్లదన్నారు సోమేశ్వర్రావు గారు.
చెల్లదని పారెయ్యకుండా, మడిచి
నా చేతిలో పెట్టారు.
తీర్మానం కాయితం పెద్దాఫీసుకి వెళ్తుంది,
అక్కడ ఏ ఫైలు కింద పడుకుంటుందో.

ఇవాళ పొద్దున పంతొమ్మిది అయ్యాక
ఇరవయ్యో చుట్టుకి భుజం ఆనించి తోశాను.
తిరగదని తెలుసు.
ఎర్నమ్మ బిందె కింద పెట్టి
“ఏటి, నిన్నటి ఓట్లకి ఓ నిమిషం పెరిగిందేటి?” అంది.
వాచీ చూసుకున్నట్టు చూసుకున్నాను.
ఆ ఖాళీ తొమ్మిదింట్లో ఒకటి
నా మణికట్టు మీద టిక్కుటిక్కుమంటోంది.
“పట్టుకో పిన్నీ, వస్తున్నాయి,” అన్నాను.
ముందు గాలి వచ్చింది,
తర్వాత ఎర్రగా, కాసిని.